ఇంటి వైరింగ్‌కి ఈ-బీమ్ వైరు దండగేనా?

మేడమీద_సోలార్:
కొత్త ఇంటికి వైరింగ్ మొదలైంది. షాపులో పీవీసీ తొడుగు వైరు వద్దు, ఈ-బీమ్ (తొడుగుకి ఎలక్ట్రాన్ల ధార తగిలించిన) వైరే తీసుకోమంటున్నారు, కాలినా పొగ తక్కువట. కాయిల్‌కి రేటు బాగా ఎక్కువ. అమ్మేమో "రేడియేషన్ కొట్టిన వైరు ఇంట్లో ఎందుకురా" అంటోంది. ఎలక్ట్రీషియన్ దండగంటున్నాడు. ఎవరి మాట వినను?

వైరింగ్_20ఏళ్లు:
దండగే తమ్ముడూ. కరెంటు మోసేది రాగి. పై తొడుగు మారితే రాగి మందం పెరగదు. పీవీసీకి 70 డిగ్రీలు, దీనికి 90 అంటారు, నిజమే. కానీ ఆ వైరు బిగించే స్విచ్చులు, సాకెట్లు 90 తట్టుకోవాలిగా? ఆ డబ్బుతో ఏసీ, గీజరు లైన్లకి 4 చదరపు ఎంఎం వైరు లాగించు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) పెట్టించు. నేను విప్పిన కాలిన బోర్డుల్లో చాలావాటికి కారణం లూజు స్క్రూనే.

కేబుల్_ప్లాంట్:
ముందు అమ్మగారి భయం సంగతి. వైరు ఎలక్ట్రాన్ల ధార కింద నుంచి వెళ్తుంది, అంతే. ఆ ధార శక్తి 10 ఎంఈవీ (కోటి ఎలక్ట్రాన్ వోల్టులు) లోపు ఉంటే వస్తువు రేడియోధార్మికం కాదు. వైర్లకి వాడేది ఇంకా తక్కువ. ధార తగిలి పాలిమర్ (ప్లాస్టిక్) అణువుల పొడవాటి గొలుసుల నుంచి హైడ్రోజన్ ఊడుతుంది, ఆ ఖాళీల దగ్గర పక్కపక్క గొలుసులు ముడిపడతాయి. వలలా అల్లుకున్నాక ఇక కరగవు. సోల్డరింగ్ ఐరన్ ఆనించి చూడండి: పీవీసీ కరిగి రాగి బయటపడుతుంది, ఇది కమిలినా కారదు. అన్ని ప్లాస్టిక్‌లకీ ఇది పనికిరాదు. టెఫ్లాన్‌కి ఇదే ధార తగిలితే గొలుసులు తెగి పెళుసెక్కుతుంది.

అన్నా, షార్ట్ అయినప్పుడు తొడుగు కారకపోవడం చిన్న విషయమా?

వైరింగ్_20ఏళ్లు:
షార్ట్ అయితే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) పడాలి. పడని ఎంసీబీ పెట్టుకుని వైరు మీద భారం వేస్తే ఎలా? పొగ తక్కువ అనే మాట ఒక్కటే నాకు నచ్చింది.

కేబుల్_ప్లాంట్:
అక్కడే షాపువాళ్లు రెండు విషయాలు కలిపేస్తున్నారు. పొగ తగ్గేది ధార వల్ల కాదు, హాలోజన్ (క్లోరిన్ లాంటి మూలకాలు) లేని ముడిసరుకు వల్ల. పీవీసీలో క్లోరిన్ ఉంది, కాలితే ఆమ్లపు ఆవిరి గొంతు పట్టేస్తుంది. కాబట్టి కాయిల్ మీద ఈ-బీమ్ అన్న పేరొక్కటే చూసి కొనకండి, హాలోజన్ లేనిదో కాదో చూడండి.

మేడమీద_సోలార్:
మరి మేడమీద సోలార్ ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా?

వైరింగ్_20ఏళ్లు:
అక్కడ నేనూ క్రాస్‌లింక్ చేసిన (అలా గొలుసులు ముడిపడ్డ) సోలార్ డీసీ కేబులే వేస్తా. రోజంతా ఎండలో పడి ఉండేది మామూలు పీవీసీ అయితే పగిలిపోతుంది. గోడల్లో మాత్రం నా మాట మార్చను.