టార్పాలిన్ పట్టా చిరుగుతోంది, లోడు ఒరుగుతోంది: ఎలా కట్టాలి?

కాటేదాన్ నుంచి, డీసీఎం వ్యాను యజమాని: అందరికీ నమస్కారం. బిస్కెట్ల పెట్టెలు విజయవాడకు తోలుతుంటాం. మొన్న రాత్రి వానలో ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్లి, పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి, చౌటుప్పల్‌లో టీకి ఆపి చూస్తే ముందువైపు పట్టా చిరిగి జెండాలా కొట్టుకుంటోంది. పై రెండు వరుసలు కుడికి ఒరిగాయి. ఈ ఏడాది ఇది మూడో పట్టా. ఇంకా మందమైనది కొనాలా?

హయత్‌నగర్ నుంచి, పాత లారీ డ్రైవర్: కొనే ముందు ఒకటి చెప్పు తమ్ముడూ. లోడుకు విడిగా కట్టు వేశారా, పట్టా మీద తాడే రెండింటికీనా?

కాటేదాన్: పట్టా మీదిదే అన్నా. హమాలీలు ఎప్పుడూ అలాగే కడతారు.

హయత్‌నగర్: తిరకాసు అక్కడే ఉంది. పట్టా వాన ఆపడానికే, పెట్టెలను పట్టుకోలేదు. ముందు పెట్టెలను క్యాబిన్ వైపు గోడకు ఆనించి, సందు లేకుండా పేర్చాలి. సందు మిగిలితే పాత టైర్లో, చెక్కలో ఇరికించు. ఆపైన బిగింపు మర ఉన్న బెల్టులు వేయాలి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, వానాకాలం దాన్ని నమ్ముకోకు. బెల్టు ఒరుసుకునే మూలల కింద చెక్కపలక పెట్టు. లేకపోతే అట్టపెట్టె నలుగుతుంది, నలిగిందంటే బెల్టు వదులవుతుంది. గట్టి బ్రేకుకు సరుకు బరువులో 80 శాతమంత బలం ముందుకు, మలుపులో 50 శాతం పక్కకు తోస్తుందని లెక్కవేసి కట్టాలన్నది యూరప్ ప్రమాణం. నీ లోడు 3 టన్నులైతే పక్కకు ఒకటిన్నర టన్ను. పట్టా తాడు దానికి ఆగుతుందా?

ఇక పట్టా సంగతి. వేగం 40 నుంచి 80కి పెరిగితే గాలి దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. ముందు అంచు కింద గాలి దూరితే ఎంత మందమైనదైనా చిరుగుతుంది. ఆ అంచును మడిచి పెట్టెలకూ గోడకూ మధ్య దోపాలి. రెండు పట్టాలైతే వెనుకది మొదట పరిచి, ముందుది దాని మీదికి రెండు మూడు అడుగులు వచ్చేలా వేయాలి. చాలామంది తిరగేసి వేస్తారు! నడిమి వరుస కాస్త ఎత్తుగా ఉంటే నీళ్లు నిలవవు.

జీడిమెట్ల నుంచి, రవాణా కార్యాలయం నడిపే అమ్మ: బాబూ, ఒరిగిన పెట్టెలు బాడీ దాటి బయటికి వస్తే మోటారు వాహనాల చట్టం 194(1ఎ) కింద 20,000 రూపాయల జరిమానా, దించే ఖర్చు అదనం. ఇంకోమాట. ఈదురుగాలిలో కుర్రవాళ్లను లోడు మీదికి ఎక్కించకండి. గాలి పట్టిన పట్టా మనిషిని కిందికి లాగేస్తుంది. పైన కరెంటు తీగలున్నచోట అసలే వద్దు.

కాటేదాన్: సరే అమ్మా. అన్నా, దారిలో మళ్లీ బిగించాలా?

హయత్‌నగర్: తప్పకుండా. కుదుపులకు లోడు సర్దుకుని బెల్టులు వదులవుతాయి. అమెరికాలో మొదటి 50 మైళ్లలోపే ఆపి చూడాలని నిబంధన. మన రోడ్లకు అంతదూరం వెళ్లేదాకా ఆగొద్దు, ఇంకా ముందే చూసుకో. ఔటర్ మీద మాత్రం బండి ఆపవద్దు, దిగాక మొదటి పెట్రోలు బంకులో చూసుకో.