టీబీ స్టడీ వాళ్లు వేలిముద్ర వేయమంటున్నారు, వేయించొచ్చా?

బోరబండ సరళ:
మా పక్క రేకుల గదుల్లో పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాళ్లు ఉంటారు. ఒకాయనకి టీబీ అని తేలి మందులు మొదలుపెట్టారు. ఇప్పుడేమో మెడలో కార్డులేసుకున్న ఇద్దరొచ్చి, ఏదో స్టడీ అంట, ఇంట్లో అందరి కళ్లె, రక్తం ఇవ్వమన్నారు. ఒప్పుకుంటే రేషన్ కిట్ ఇస్తారట. ఆయన భార్యకి చదువు రాదు, నన్ను సంతకం పెట్టమంటోంది. మూడేళ్ల పాప ఉంది, పాపకి కూడా మాత్రలు వేయాలా? ఓనర్‌కి తెలిస్తే గది ఖాళీ చేయిస్తాడని ఇంకో భయం. తెలిసినవాళ్లు చెప్పండి.

చింతల్ చంటి:
అక్కా, ముందు ఆయనకి ఒక మాట చెప్పు. ఒంటేలు నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దను. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు. మా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. రక్తం పోతోందనుకుని మాత్రలు గూట్లో దాచేసి, వేసుకుంటున్నానని మా అమ్మకి అబద్ధం చెప్పాడు. దగ్గు తగ్గి కాస్త కండ పట్టేసరికి ఇక రోగమే లేదన్నాడు. మళ్లీ పడ్డాడు. ఆరు నెలలంటే ఆరు నెలలు మింగాల్సిందే.

పాత లాబ్ మనిషి:
ఇరవై ఏళ్లకు పైగా మైక్రోస్కోప్ ముందు కూర్చున్నవాణ్ణి, రాసుకోండి. వచ్చే డబ్బాల్లో సగం ఉమ్మే. కళ్లె అంటే ఉమ్మి కాదు. పొద్దున లేవగానే, పళ్లు తోమకముందు, నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గాలి. చిక్కగా, పచ్చగా రావాలి. ఆరుబయట తీయాలి, గదిలో కాదు. ఇప్పటి పిల్లలకి కళ్లెలో టీబీ క్రిమిని పట్టే ట్రూనాట్ మిషన్ ఉంటే చాలు అన్నీ వచ్చేస్తాయనుకుంటారు. డబ్బాలో ఉమ్మి ఉంటే మిషన్ మాత్రం ఏం చేస్తుంది? ఇక రక్తంతో టీబీ ఉందో లేదో చెప్పే యాంటీబాడీ పరీక్షల్ని 2012లోనే ప్రభుత్వం నిషేధించింది. రక్తం దేనికో అడగండి.

నాగోల్ నర్సమ్మ:
అన్నా, ఐగ్రా అనే ఇంకో పరీక్ష కోసం కూడా రక్తం తీస్తారు. అది నిషేధంలో లేదు.

పాత లాబ్ మనిషి:
ఐగ్రా ఒంట్లో క్రిమి ఉందని చెబుతుంది, జబ్బు ఉందని కాదు. క్రిమి ఉన్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పది మందికే ఎప్పటికైనా జబ్బు వస్తుంది. నాకు చెప్పకండమ్మా.

ఖమ్మం బిడ్డ:
ఉమ్మి, కళ్లె పంచాయితీ ఆపండి సార్. ఆమె అడిగింది వేలిముద్ర గురించి. 2009లో మా జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) స్టడీ అని వచ్చారు. ఆశ్రమ పాఠశాలల్లో ఆదివాసీ ఆడపిల్లలకి టీకా వేశారు, చాలాచోట్ల అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. గొడవై 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగానే కడిగేసింది. సూది గుచ్చేది పేదోడికి, పేపర్ రాసుకునేది పెద్దోడు. సరళక్కా, సంతకం పెట్టకు.

తార్నాక స్టూడెంట్:
పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను. ఖమ్మం సంగతి సగమే చెప్పారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, కానీ ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. అనుమతుల్లో జరిగింది మాత్రం ఘోరమే, ఒప్పుకుంటాను. అలాగని స్టడీలే వద్దంటే ఎలా? జార్ఖండ్‌లో రేషన్స్ అనే ట్రయల్ చేశారు. టీబీ రోగుల ఇళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపులో ఇంటిల్లిపాదికీ నెలనెలా బియ్యం, పప్పు ఇస్తే, ఇంట్లోవాళ్లలో కొత్తగా టీబీ వచ్చేది 39 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పేదల ఇళ్లకు వెళ్లకపోతే అది తెలిసేదా?

ఖమ్మం బిడ్డ:
మరి మిగతా సగం ఇళ్లకి ఏం ఇచ్చారు తమ్మీ?

తార్నాక స్టూడెంట్:
రోగికి రెండు గుంపుల్లోనూ తిండి ఇచ్చారు. పోల్చడానికి పెట్టుకున్న కంట్రోల్ ఇళ్లలో మిగతావాళ్లకి ఇవ్వలేదు, వాళ్లు మామూలుగా తినేదే తిన్నారు.

ఖమ్మం బిడ్డ:
అంటే ఆకలితో ఉన్న ఇంట్లో ఒక్కడికి పెట్టి, మిగతావాళ్లకి జబ్బు ఎప్పుడొస్తుందా అని రాసుకుంటూ కూర్చున్నారు. తిండి తింటే బలం వస్తుందని మా నాయనమ్మ చెప్పేది, దానికి లాన్సెట్ కావాలా?

తార్నాక స్టూడెంట్:
మీ నాయనమ్మ చెబితే సర్కారు బడ్జెట్ ఇవ్వదండీ! అంకె చూపిస్తేనే ఇస్తుంది. రోగికి తిండి కోసం సర్కారు నెలకు ఇచ్చేది 500 ఉన్నది 2024 నవంబర్ నుంచి 1000 అయింది.

చింతల్ చంటి:
ఆ 1000 పడుతోందా ఎవరికైనా? మా తమ్ముడి ఖాతాకి ఆధార్ లింక్ కాలేదని మందులు అయిపోయాక పడ్డాయి. గుడ్లు అప్పుగా తెచ్చి పెట్టాం.

మియాపూర్ టవర్స్ సెక్రటరీ:
మా గేటెడ్ కమ్యూనిటీలో పనివాళ్లందరికీ ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి చేశాం. అనుమానం ఉంటే లోపలికి రానివ్వం. ఎవరి జాగ్రత్త వాళ్లది.

నాగోల్ నర్సమ్మ:
సార్, మీ ఫ్లాట్ల ఓనర్లు కూడా తీయించుకున్నారా? టీబీ గాలి ద్వారా వస్తుంది, ఏసీ వేసి కిటికీలు మూసుకున్న ఆఫీసుల్లోనూ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ, మీ టవర్స్‌లో షుగర్ లేనిదెవరికి? కంచం, గ్లాసు వేరు పెట్టినంత మాత్రాన ఆగేది కాదు.

మియాపూర్ టవర్స్ సెక్రటరీ:
పర్సనల్‌గా మాట్లాడొద్దు మేడమ్.

వికారాబాద్ తాత:
వెలివేయడం ఇవాళ్టి సంగతి కాదు బాబూ. మా అనంతగిరి కొండ మీద క్షయ శానిటోరియం ఉండేది. మంచి గాలి, మంచి తిండి అని అక్కడికి పంపేవాళ్లు. ఊళ్లోవాళ్లు ఆ దారినే పోయేవారు కాదు. తర్వాత మద్రాసులో పరిశోధన చేసి, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో వాడినంత బాగా నయమవుతుందని 1959లో తేల్చారు. అదీ బస్తీల్లోని పేద రోగుల మీద చేసిందే.

పాత లాబ్ మనిషి:
అప్పట్లో కళ్లె పరీక్ష ఎంత శ్రద్ధగా చేసేవారో...

నాగోల్ నర్సమ్మ:
లాబ్ అన్నా, దండం. సరళా, నువ్వు ఆమె బదులు సంతకం పెట్టకు. కాగితంలో ఏముందో ఆమెకి తెలుగులో చదివి వినిపించమను. అర్థమై ఒప్పుకుంటే ఆమే వేలిముద్ర వేయాలి, స్టడీతో సంబంధం లేని మనిషి పక్కనే ఉండి సాక్షిగా సంతకం చేయాలి. నువ్వు సాక్షిగా ఉండొచ్చు, అదీ నువ్వు దగ్గరుండి వింటేనే. ఒక కాపీ ఆమె దగ్గర ఉండాలి. మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చు.

పాపని స్టడీతో ముడిపెట్టొద్దు. ముందు బస్తీ దవాఖానాకి తీసుకెళ్లు. దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం ఉన్నాయా అని చూసి, జబ్బు లేదని తేలాకే ముందుజాగ్రత్త మాత్రలు ఇస్తారు. రోజూ ఐసోనియాజిడ్ అయితే ఆరు నెలలు, వారానికోసారి వేసేదైతే మూడు నెలలు. బరువును బట్టి డోసు వాళ్లే చెబుతారు. డబ్బు కట్టక్కర్లేదు.

బోరబండ సరళ:
థాంక్యూ అక్కా. కానీ స్టడీకి ఒప్పుకోకపోతే ఆయన మందులు కూడా ఆపేస్తారని మేస్త్రీ చెప్పాడట. ఆమె ఏడుస్తోంది.

ఖమ్మం బిడ్డ:
చూశావా తమ్మీ? దీన్నే నేను అనేది.

తార్నాక స్టూడెంట్:
అలా ఆపడానికి లేదు. దేశంలో వైద్య పరిశోధనలకు నియమాలు పెట్టే ఐసీఎంఆర్ దానికి ఒప్పుకోదు. అనుమతి కాగితం మీద, స్టడీ సరిగ్గా జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ నంబర్ ఉంటుంది, దానికి ఫోన్ చేయించండి. కాగితమే ఇవ్వకపోతే వాళ్లని లోపలికి రానివ్వకండి. ఈ విషయంలో ఖమ్మం బిడ్డ మాటే కరెక్ట్.

నాగోల్ నర్సమ్మ:
మందులు స్టడీ వాళ్లవి కావు, ప్రభుత్వానివి. మేస్త్రీ మాట వినొద్దు. పొద్దున్నే మీ ఆశా వర్కర్‌ని వెంటబెట్టుకుని టీబీ సూపర్‌వైజర్‌ని కలవండి. ఓనర్‌కి ఇప్పుడే చెప్పాల్సిన పనిలేదు, మందులు సరిగ్గా మింగుతుంటే కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది.

కూకట్‌పల్లి కిరణ్:
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. నాకు వెన్నెముక టీబీ అని ఎంఆర్‌ఐలో వచ్చింది. దగ్గే లేదు, కళ్లెలో ఏమీ రాలేదు. ఏడాది వాడాలంటున్నారు. ఎవరైనా వాడినవాళ్లు ఉన్నారా? బెల్ట్ పెట్టుకుని బైక్ నడపొచ్చా?