రిడక్టివ్ అమినేషన్‌లో అమీన్ రావడం లేదు, ఆల్కహాలే వస్తోంది. సాయం చేయండి

కొత్త_రీసెర్చర్:
పొద్దుటి నుంచి ఈ రిడక్టివ్ అమినేషన్‌తోనే (ఆల్డిహైడ్‌కు అమీన్ కలిపి, రిడ్యూస్ చేసి కొత్త అమీన్ చేసే చర్య) తల బద్దలు కొట్టుకుంటున్నాను. 4-మిథాక్సీ బెంజాల్డిహైడ్‌నీ, అమీన్‌నీ కలిపి కాసేపు తిప్పి స్టాబ్ (సోడియం ట్రైఎసిటాక్సీ బోరోహైడ్రైడ్ అనే రిడ్యూసింగ్ ఏజెంట్) వేశాను. ఎన్‌ఎమ్‌ఆర్‌లో (అణువు నిర్మాణం తెలిపే పరీక్ష) 9.9 పీపీఎం దగ్గర ఆల్డిహైడ్ పీక్ పోయింది, 4.6 దగ్గర సింగ్లెట్ (ఒంటరి పీక్) వచ్చింది. అంటే మొత్తం బెంజైల్ ఆల్కహాలే. స్టాబ్ వేయకముందు శాంపిల్ తీసి చూస్తే 8.3 దగ్గర ఇమీన్ (ఆల్డిహైడ్, అమీన్ కలిసి నీరు పోయాక వచ్చే C=N సమ్మేళనం) పీక్ ఆనవాలు కూడా లేదు. నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్స్ వేశాను, వేడి కూడా చేశాను. ఇమీనే రాకపోతే ముందుకెలా వెళ్లేది?

ఫ్యూమ్‌హుడ్:
సాల్వెంట్ ఏది? అమీన్ ప్రైమరీనా, సెకండరీనా (నత్రజనికి ఒక కార్బన్ గుంపా, రెండా)? ఫ్రీ బేసా, ఆమ్లంతో కలిసిన సాల్టా?

పాత_కెమిస్ట్:
స్టాబ్ బదులు సోడియం సయనోబోరోహైడ్రైడ్ వాడమని ఎవరైనా అనేలోపు ఒక మాట చెప్పాలి. పీహెచ్ 6-7 దగ్గర అది కార్బొనిల్‌ను వదిలి ఇమీనియంను (ధనావేశం ఉన్న ఇమీన్ రూపాన్ని) ముందు పట్టుకుంటుందని 1971లో బోర్చ్ బృందం చూపించింది. మంచి పద్ధతే. కానీ ఆమ్లం ఎక్కువైతే హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వస్తుంది. వర్కప్‌లో (చర్య అయ్యాక ఉత్పత్తిని వేరుచేసేటప్పుడు) అలవాటుగా డైల్యూట్ యాసిడ్ పోసేవాళ్లను చూశాను, నాకు గుండె ఆగినంత పనైంది. హుడ్ (విషవాయువులను లాగేసే పెట్టె) బయట ఆ ఫ్లాస్క్ తెరవకండి, మిగిలిన జలద్రావణాన్ని ఆమ్ల వ్యర్థాల డబ్బాలో కలపకండి.

నత్రజని_ప్రియుడు:
ఇంత టెన్షన్ ఎందుకు? గాబ్రియెల్ సింథసిస్ చేయండి. పొటాషియం థాలిమైడ్, బెంజైల్ క్లోరైడ్, తర్వాత హైడ్రజీన్. 1887 నుంచి నమ్మకంగా పనిచేస్తున్న పద్ధతి. ఎక్కువ ఆల్కైలేషన్ అవుతుందన్న భయం ఉండదు.

ఫ్యూమ్‌హుడ్:
గాబ్రియెల్‌తో ప్రైమరీ అమీనే వస్తుంది. ఆయనకు కావాల్సింది అదేనా అన్నది ఇంకా చెప్పలేదు.

కొత్త_రీసెర్చర్:
సాల్వెంట్ మిథనాల్. అమీన్ 4-ఫినైల్ పిపరిడిన్ హైడ్రోక్లోరైడ్, బాటిల్‌లోది తూచి నేరుగా వేశాను. ఇవి ముఖ్యమా?

ఫ్యూమ్‌హుడ్:
అవే ముఖ్యం. సాల్ట్‌లో నత్రజని ఒంటరి జంటను ప్రోటాన్ పట్టేసుకుంది, అది ఆల్డిహైడ్ మీద దాడి చేయలేదు. ఇక స్టాబ్ మిథనాల్‌లో నిలవదు. ఎసిటాక్సీల స్థానంలో మిథాక్సీలు చేరితే దాని నెమ్మదితనం పోయి ఆల్డిహైడ్‌నే రిడ్యూస్ చేస్తుంది. సాల్వెంట్‌గా టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) గానీ 1,2-డైక్లోరోఈథేన్ గానీ తీసుకోండి. సాల్ట్‌కు ఒక ఈక్వివలెంట్ (సమాన మోల్స్) ట్రైఇథైల్ అమీన్ వేసి, ఆల్డిహైడ్ కలిపి, ఆ తర్వాత 1.4 ఈక్వివలెంట్ల స్టాబ్. గది ఉష్ణోగ్రత చాలు. ఆల్డిహైడ్ కాబట్టి ఎసిటిక్ యాసిడ్ అక్కర్లేదు, కీటోన్‌కైతే వేస్తాం. స్టాబ్ డబ్బా చాలాకాలంగా తెరిచి ఉంటే కొత్తది తీయండి, తేమ తగిలితే పాడవుతుంది.

పాత_కెమిస్ట్:
8.3 పీక్ సంగతి కూడా చెప్పాలి. పిపరిడిన్ సెకండరీ అమీన్, దాని నుంచి తటస్థ ఇమీన్ ఏర్పడదు, ఇమీనియం మాత్రమే. అది కొద్దికొద్దిగా ఏర్పడుతూ, ఏర్పడింది ఏర్పడినట్టే రిడ్యూస్ అవుతుంది. పీక్ కోసం ఎదురుచూడటం దండగ.

నత్రజని_ప్రియుడు:
మా దగ్గర అందరూ ఇమీన్ అనే అంటారు. అర్థమైతే చాలదా?

పాత_కెమిస్ట్:
చాలదు. ఆ మాట వల్లే ఆయన రాని పీక్ కోసం సీవ్స్ వేసి, వేడి చేసి కూర్చున్నారు.

మరో_సభ్యుడు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది ప్రైమరీ అమీన్, స్టాబ్‌తో రెండుసార్లు ఆల్కైలేట్ అయిపోతోంది. ఏం చేయాలి?

ఫ్యూమ్‌హుడ్:
మీకైతే మిథనాలే మంచిది. ముందు ఇమీన్ పూర్తిగా కానివ్వండి, ఎన్‌ఎమ్‌ఆర్‌లో ఆల్డిహైడ్ పోయాకే సోడియం బోరోహైడ్రైడ్ వేయండి.

నత్రజని_ప్రియుడు:
లేదా నత్రజనికి నోసిల్ (నైట్రోబెంజీన్ సల్ఫోనైల్) రక్షణ గుంపు పెట్టి ఆల్కైలేట్ చేసి, థయాల్‌తో తీసేయండి. ఫుకుయామా పద్ధతి. నాకు అదే ఇష్టం.

కొత్త_రీసెర్చర్:
టీహెచ్‌ఎఫ్‌లో మళ్లీ పెట్టాను. క్రూడ్ ఎన్‌ఎమ్‌ఆర్‌లో 3.5 దగ్గర కావాల్సిన అమీన్ సింగ్లెట్ వచ్చింది, 4.6 (ఆల్కహాల్) కొంచెమే ఉంది. థాంక్సండీ. శుద్ధి చేసే కాలమ్‌లో స్పాట్ తోకలా సాగుతోంది, సాల్వెంట్‌లో ట్రైఇథైల్ అమీన్ ఎంత శాతం కలపాలి?