స్నానాల మిక్సర్‌లో గోరువెచ్చని నీళ్లే వస్తున్నాయి, గీజర్ మార్చాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. బాత్రూమ్‌లో 15 లీటర్ల గీజర్ ఉంది. వాష్ బేసిన్‌లో వేడి కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేనంతగా కాలుతున్నాయి. స్నానం దగ్గరున్న సింగిల్ లివర్ మిక్సర్‌లో (ఒకే పిడితో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే కుళాయి) మాత్రం, ఎడమవైపు చివరిదాకా తిప్పినా గోరువెచ్చగానే వస్తున్నాయి. ప్లంబర్ చూసి గీజర్ మార్చేయమన్నాడు. చలికాలం, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
గీజర్ అడుగున థర్మోస్టాట్ నాబ్ ఉంటుంది, పెంచి చూడండి.

మరొకరి జవాబు:
బేసిన్‌లో కాలుతున్నాయంటున్నారుగా, నాబ్ పెంచి లాభం లేదు. గీజర్ బాగానే ఉంది, దాని మీద డబ్బు తగలెయ్యకండి. మిక్సర్ దగ్గర చన్నీళ్లు కలుస్తున్నట్టున్నాయి. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడన్న సామెత ఇక్కడ పనికిరాదు!

ముందు గీజర్ స్విచ్ ఆపండి. గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే పైపు మీది యాంగిల్ వాల్వ్ పూర్తిగా కట్టేయండి. మిగతా కుళాయిలన్నీ కట్టేసి ఉండాలి. లోపలికి చన్నీళ్లు వెళ్తేనే అవి వేడినీళ్లను బయటికి నెడతాయి. కాబట్టి ఇప్పుడు లివర్‌ని పూర్తిగా ఎడమకి తిప్పి ఎత్తితే కాసిని నీళ్లు కారి ఆగిపోవాలి. ధార ఆగకపోతే అవి మిక్సర్ లోపల కలుస్తున్న చన్నీళ్లే.

అడిగినవారు:
చేసి చూశానండి. ధార సన్నగానే అయినా ఆగట్లేదు.

అదే సభ్యుడు:
అయితే లివర్ విప్పాల్సిందే. బాత్రూమ్‌కి వచ్చే మెయిన్ వాల్వ్ కట్టేశాకే మొదలుపెట్టండి. లివర్ మీది ఎరుపు, నీలం బిళ్లను గోటితో లేపితే లోపల చిన్న స్క్రూ కనిపిస్తుంది. అలెన్ కీతో దాన్ని వదులు చేస్తే లివర్ ఊడొస్తుంది. దాని కింద వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే భాగమే కార్ట్రిడ్జ్. కొన్ని మోడళ్లలో దాని తల మీద పళ్లున్న ప్లాస్టిక్ రింగు ఉంటుంది. పిల్లలకి కాలకుండా, లివర్‌ని వేడివైపు చివరిదాకా పోనివ్వకుండా అడ్డుకునేది అదే. పైకి లాగి రెండు పళ్లు జరిపి పెట్టండి.

రింగు లేకపోతే కార్ట్రిడ్జ్ పోయినట్టే. అందులో సెరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్నా, ఇసుక రేణువు గీత పెట్టినా చన్నీటి దారి పూర్తిగా మూసుకోదు. పాతది చేత్తో పట్టుకునే షాపుకెళ్లండి. 35, 40 మిల్లీమీటర్లవి రెండూ దొరుకుతాయి, అడుగున రంధ్రాలు కూడా కలవాలి.

ఇంకొకరు:
మాది రెండు నాబుల పాత వాల్ మిక్సర్. వేడి ధారే సన్నబడిపోయింది. గీజర్ దగ్గరి నాన్ రిటర్న్ వాల్వ్‌లో (నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) ఉప్పు కట్టుకుపోయి ఉంది, మార్పిస్తే సరిపోయింది.

అడిగినవారు:
రింగు ఉందండి! జరిపాను, ఇప్పుడు వేడిగా వస్తున్నాయి. చాలా థ్యాంక్స్.

అదే సభ్యుడు:
సంతోషం. పెద్దవాళ్లున్నారన్నారు కదా, ఇక థర్మోస్టాట్‌ని కొంచెం తగ్గించి పెట్టండి. లివర్ ఇప్పుడు పూర్తి వేడిదాకా పోతుంది.