1951 షెవర్లే పికప్‌ను హాట్ రాడ్‌గా మలచాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మిల్లు షెడ్డు, రావులపాలెం

అందరికీ నమస్కారం.

రావులపాలెం దగ్గర మా పెదనాన్నగారి రైసు మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఆ షెడ్డులో 1951 నాటి షెవర్లే 3100 పికప్ ఒకటి అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు ధాన్యం బస్తాలు, తవుడు, మిల్లు సామాను తోలిన బండి అది. పెదనాన్నగారు ఈ మధ్య దాన్ని నా చేతికి అప్పగిస్తూ, పాత ఇనుముకు మాత్రం అమ్మవద్దని, మరేం చేసుకున్నా తనకు అభ్యంతరం లేదని చెప్పారు.

బండిలో అసలు ఇంజినే ఉంది. ఆరు సిలిండర్ల 216 క్యూబిక్ అంగుళాల పెట్రోలు ఇంజిను. ఫ్యాను పట్టుకుని తిప్పితే తిరుగుతోంది. గేరు రాడ్డు స్టీరింగు కిందనే ఉంది, మూడు గేర్లు. ఆర్‌సీ పుస్తకం పెదనాన్నగారి పేరు మీదనే ఉన్నా, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. క్యాబిను మూలల్లోనూ, కాళ్లు పెట్టే చోటా తుప్పు కనిపిస్తోంది.

దీన్ని అమెరికా పద్ధతిలో హాట్ రాడ్‌గా, అంటే వేగానికీ సొంత అభిరుచికీ తగ్గట్టు మార్చుకున్న పాత బండిగా, చేయాలని నా కోరిక. బండి నేలకు బాగా దగ్గరగా ఉండాలి, పైకప్పు కోసి కొంత దించాలి, ముందు మడ్‌గార్డులు తీసేయాలి, ఇంతకంటే బలమైన ఇంజిను పెట్టాలి అని అనుకుంటున్నాను. టాటా 407 డీజిల్ ఇంజిను సులభంగా కూర్చుంటుందని ఇక్కడి మెకానిక్ ఒకరు అంటున్నారు. ఇందులో ఏది సాధ్యం, ఏది కాదు, ముందుగా దేని మీద చెయ్యి వేయాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: టింకరింగ్ పని, తణుకు

మీ బండి అదృష్టవంతురాలండీ, ఇన్నేళ్లూ నీడ పట్టున ఉంది. అయితే మిల్లు షెడ్డులో నిలిచిన బండికి ఒక ప్రత్యేకమైన ముప్పు ఉంది. గాలిలో తేలే ఊక, తవుడు దుమ్ము ఛాసిస్ సందుల్లోకి చేరి గట్టిపడి, మన డెల్టా గాలిలోని తేమను ఏడాది పొడవునా పట్టి ఉంచుతుంది. పైనుంచి చూస్తే రంగు బాగానే ఉన్నట్టుంటుంది, లోపల రేకు మాత్రం పొరలు పొరలుగా లేచిపోయి ఉంటుంది. కాబట్టి ఇంజిను సంగతి ఆలోచించకముందే ఒక పూట ఈ పరీక్షకు కేటాయించండి.

ముందుగా ఛాసిస్ లోపలి దుమ్మంతా కంప్రెసర్ గాలితో ఊదించండి. తరువాత చిన్న సుత్తి పట్టుకుని రెండు పట్టాల వెంట, ముఖ్యంగా అడ్డపట్టీలు రివెట్లతో కలిసే చోట్లా, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బ్రాకెట్ల దగ్గరా నెమ్మదిగా కొడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది; తుప్పు తిన్న చోట శబ్దం మొద్దుబారిపోతుంది. అలా పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రెండు పట్టీలు ఒకదానిపై ఒకటి అతికి ఉన్న చోట మధ్యలో తుప్పు ఉబ్బి అవి విడిపోతున్నట్టు కనిపిస్తే, ఆ రివెట్లు తీసి శుభ్రం చేయక తప్పదు.

క్యాబినులో చూడవలసినవి వెనక కింది మూలలు, తలుపు ముందు భాగంలో కాళ్ల పక్కన ఉండే రేకు, క్యాబిను ఛాసిస్‌పై కూర్చునే దిమ్మలు. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే దిగబడే రేకునంతటినీ కోసి తీసేయాలి. దానిపై పుట్టీ పెట్టి మూసినా, పైన మరో రేకు అతికించినా రెండు వానాకాలాలకు మించి ఆగదు. కొత్త ముక్కకు 18 గేజి రేకు సరిపోతుంది. గ్యాస్ వెల్డింగ్‌తో ఒకేసారి గీత లాగితే ఆ వేడికి రేకు వంకర్లు పోతుంది కనుక సీవోటూ వెల్డింగ్‌తో, దూరదూరంగా చుక్కలు వేస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ అతికించమని చెప్పండి. లోపలివైపు ఎపాక్సీ ప్రైమరు వేయకుండా ఏ సందునూ మూయనివ్వకండి. తొందరపడే పనివాడికి ఈ క్యాబిను అప్పగించవద్దని గట్టిగా చెబుతున్నాను.

జవాబు: చట్టం తెలిసినవాడు, కాకినాడ

సుత్తి పరీక్షతో పాటు కాగితాల పరీక్ష కూడా అంతే ముందుగా జరగాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ నిబంధననే గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు కల్పించింది.

మీ జాబితాను ఈ దృష్టితో చూడండి. పైకప్పు కోస్తే బాడీ స్వరూపం మారుతుంది. 407 ఇంజిను పెడితే ఇంజిను నంబరు, సామర్థ్యం, ఇంధనం మూడూ ఒకేసారి మారిపోతాయి. ఆ బండిని రోడ్డు మీదికి తీసుకురావడానికి అధికారులు ఒప్పుకోవడం చాలా కష్టం. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ చూపే మొదటి అభ్యంతరం కూడా ఇదే అవుతుంది.

మరొక దారి ఉంది, అయితే అది మీ పికప్‌కు వర్తిస్తుందో లేదో ముందుగా రవాణా కార్యాలయంలో అడగండి. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే నిలిచిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నియమాలను కేంద్రం 2021లో తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిను వీటిలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది, నంబరు పలక మీద ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతుకు తీసుకువెళ్లవచ్చు. రోజువారీ వాడకానికి, కిరాయికి వీలు లేదు.

మీరు ఏ దారిన వెళ్లినా పాత ఆర్‌సీ పుస్తకాన్ని ప్రాణంలా దాచుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఉన్న చోట్లను గ్రైండరుతో తాకనివ్వకండి. పెదనాన్నగారు ఉండగానే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు తీసుకుని పేరు మార్పిడి పూర్తి చేసుకోండి. వారసత్వ పత్రాల దాకా వెళితే ఇదే పని ఎన్నో రెట్లు కష్టమవుతుంది.

జవాబు: లేత్ షెడ్డు, మండపేట

చట్టం మాట పక్కన పెట్టి యంత్రం మాటే చూసినా, ఈ బండికి 407 ఇంజిను సులభంగా కూర్చుంటుందన్న మాట సరికాదు. 1951 షెవర్లేలో ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి కనిపించదు. అది ఒక గొట్టంలో ఉంటుంది, ఆ గొట్టం వెనక యాక్సిలుకు బిగిసి ఉంటుంది. చక్రాలు బండిని ముందుకు నెట్టే బలం ఆ గొట్టం గుండానే గేరుబాక్సుకు, అక్కడి నుంచి ఛాసిస్‌కు చేరుతుంది. దీన్ని టార్క్ ట్యూబ్ అంటారు. అంటే గేరుబాక్సు మారిస్తే గొట్టం పోతుంది, గొట్టం పోతే వెనక యాక్సిలు మార్చాలి, యాక్సిలు మారితే కమాన్ కట్టల దిమ్మలు, బ్రేకులు, రిమ్ములు అన్నీ మారాలి. ఇంజిను ఒక్కటే మారుద్దామని మొదలుపెట్టి సగంలో ఆగిపోయిన బండ్లు షెడ్ల వెనక పడి ఉండటానికి ఈ గొలుసే కారణం.

ఇక మీ 216 ఇంజిను గురించి. కనెక్టింగ్ రాడ్లకు ఇప్పటి ఇంజిన్లలాగా విడి బేరింగు చిప్పలు ఉండవు. వైట్ మెటల్ అనే మెత్తటి బేరింగు లోహం నేరుగా రాడ్డులోనే పోసి ఉంటుంది. రాడ్డు కింద చిన్న చెంచా లాంటి ముక్క ఉంటుంది. అది ఇంజిను అడుగున ఉండే నూనె చాంబరులోని తొట్ల నుంచి నూనెను తోడుకుంటుంది. అందుకే నూనె ఒత్తిడి మీటరు 30 పౌండ్ల దగ్గరే ముగుస్తుంది, తక్కువ వేగంలో ముల్లు బాగా కిందికి దిగుతుంది. దాన్ని చూసి భయపడి చిక్కటి నూనె పోయకండి. 28 అంగుళాల టైరు, సాధారణంగా వచ్చే 4.11 క్రౌన్ (వెనక యాక్సిలు గేరు) నిష్పత్తి లెక్క వేస్తే, గంటకు 70 కిలోమీటర్ల దగ్గర ఇంజిను నిమిషానికి సుమారు 2,150 చుట్లు తిరుగుతుంది, 95 దగ్గర 2,900 దాటుతుంది. 70 దగ్గర ఎంత దూరమైనా పోతుంది. 95 దగ్గర ఎక్కువసేపు తోలితే వైట్ మెటల్ నిలవదు.

రాడ్లు వదులుగా ఉంటే కంగారు పడవలసిన పని లేదు. మిల్లుల పాత ఇంజిన్లకు వైట్ మెటల్ పోసి స్క్రేపరుతో గీకి సరిచేసిన పెద్దలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు. అంతకు మించిన శక్తి కావాలంటే, 1954 నుంచి ట్రక్కుల్లో వచ్చిన 235 ఇంజిను వెతకండి. అది ఇదే కుటుంబం. రాడ్లకు విడి బేరింగులు, పూర్తి ఒత్తిడితో నూనె ఉంటాయి, పాత గేరుబాక్సుకే బిగుస్తుంది. 1955 నుంచి వచ్చిన వాటిలో నీటి పంపు ఎత్తులో తేడా ఉండి అడాప్టరు ప్లేటు కావలసి వస్తుంది, అది మన లేత్‌ల మీద అయ్యే పనే. దీనికి కూడా రవాణా కార్యాలయం అనుమతి తీసుకోవాలి.

జవాబు: పాత బండ్ల అభిమాని, భీమవరం

పై ముగ్గురి మాటలూ విలువైనవే, అయినా మీరు నిరుత్సాహపడకూడదని రాస్తున్నాను. హాట్ రాడ్ అనేది ఖరీదైన ముద్దుబిడ్డగా పుట్టలేదు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు చౌకగా దొరికిన పాత ఫోర్డు బండ్ల మడ్‌గార్డులు, బరువైన భాగాలు ఊడదీసి, మ్యూరాక్ వంటి ఎండిపోయిన సరస్సుల మీద వేగం కొలుచుకునేవారు. 1932లో ఫోర్డు 65 గుర్రాల శక్తి ఉన్న వీ8 ఇంజినును సామాన్యుడికి అందే ధరకు ఇచ్చాక ఆ వేడి ఇంకా పెరిగింది. ఉన్నదానితో, సొంత చేతులతో, తనకు నచ్చిన బండి చేసుకోవడమే దాని సారం. దానికి పైకప్పు కోయనక్కరలేదు.

నా సలహా ఏమిటంటే, బోల్టు విప్పి మళ్లీ బిగించగలిగిన మార్పులు మాత్రమే చేయండి, గ్యాస్ టార్చితో కోయవలసినదేదీ చేయవద్దు. ఎత్తు తగ్గించడానికి కమాన్ కట్టల్లో కొన్ని పట్టీలు తీసి, పెద్ద పట్టీ చెవులను తిరగేయించవచ్చు. తీసిన పట్టీలను నూనె రాసి దాచండి. స్టీరింగు రాడ్డు కమాన్ కట్టకు సమాంతరంగా ఉందో లేదో ఎత్తు మార్చిన తరువాత తప్పక చూడాలి, లేకపోతే గుంత పడినప్పుడల్లా స్టీరింగు తనంతట తానే లాగుతుంది. ముందు యాక్సిలును కాల్చి వంచుతామనే వారి మాట వినవద్దు. అది విరిగితే ప్రాణం పోతుంది.

మరీ కిందికి దించకండి. కోనసీమ ఊళ్లలో స్పీడు బ్రేకర్లు, కాలువ గట్టు రోడ్లు, కోతల కాలంలో తారు మీద ఆరబోసిన ధాన్యం ఇవన్నీ దాటాలంటే డిఫరెన్షియల్ కింద కనీసం ఆరు అంగుళాలు ఉండాలి. మడ్‌గార్డులు తీయడం నాకూ అందంగానే కనిపిస్తుంది, కానీ మన నల్లమట్టి బురద నేరుగా ముందు అద్దం మీదికి వస్తుంది. ఆ బండికి ఆ గుండ్రటి మడ్‌గార్డులే అందమని నా గట్టి నమ్మకం.

ప్రశ్నించినవారి మాట: మిల్లు షెడ్డు, రావులపాలెం

అందరికీ కృతజ్ఞతలు. పైకప్పు కోసే ఆలోచన, 407 ఆలోచన రెండూ వదిలేశాను. ఛాసిస్ పరీక్ష, పేరు మార్పిడి ముందు చేయిస్తాను. ఇంజిను 216నే ఉంచి, బండిని కొద్దిగా దించి, బోల్టులతో అయ్యే పనులకే పరిమితమవుతాను. బ్రేకులు, కరెంటు, రంగు ఈ మూడింటి గురించి కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: లేత్ షెడ్డు, మండపేట

బ్రేకులే అన్నిటికంటే ముందండీ. ఈ బండికి ఒకే గొట్టంలో నాలుగు చక్రాలకూ నూనె వెళుతుంది, ఒక్క హోసు పగిలితే నాలుగూ పోతాయి. ముందుకు వేరుగా, వెనకకు వేరుగా నూనె పంపే జంట మాస్టర్ సిలిండరును నేల కింద పెడల్ దగ్గరే, బోల్టులతో బిగించే బ్రాకెట్ మీద పెట్టించవచ్చు. ఇది బయటికి కనిపించదు, అయినా వింటేజ్ నమోదుకు వెళ్లే ఉద్దేశం ఉంటే ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి చేయించండి.

కరెంటు 6 వోల్టులది. తీగలు దళసరిగా, ఎర్తింగు శుభ్రంగా ఉంటే అది బాగానే పనిచేస్తుంది. ముందు ఆ తీగలన్నీ కొత్తవి వేయించండి. 12కు మారాలనుకుంటే బల్బులు, కాయిలు, డైనమో మార్చాలి, పెట్రోలు మీటరుకు వోల్టేజి తగ్గించే ముక్క పెట్టాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది కనుక పాత రబ్బరు హోసులు, పంపు డయాఫ్రం దానికి తట్టుకునేవి పెట్టించాలి. వాడకుండా నిలిపే రోజుల్లో ట్యాంకు ఖాళీ చేయాలి, ఎందుకంటే ఇథనాల్ మన గాలిలోని తేమను లాగి అడుగున నీరు చేరుస్తుంది.

జవాబు: టింకరింగ్ పని, తణుకు

రంగు పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. వానాకాలంలో కొడితే థిన్నరు ఆరేటప్పుడు ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీద దిగి, తెల్లటి మబ్బు పట్టినట్టవుతుంది. రంగు కూడా ఆర్‌సీలో రాసి ఉంటుంది కాబట్టి, తలుపు లోపలి అంచున గీకి అసలు రంగు ఏదో చూసి అదే వేయిస్తే కాగితాల ఇబ్బంది ఉండదు.

ఈలోగా నాలుగు డ్రమ్ములూ విప్పించి, వీల్ సిలిండర్ల లోపల గుంతలు పడ్డాయేమో చూసి, వాటి బోరు కొలతలు ఇక్కడ రాయండి. లోపల రబ్బరు కప్పులు మారిస్తే సరిపోతుందా, స్లీవు వేయించాలా అన్నది కొలతలు చూసి చెబుతాం.