అప్‌డేట్: గాజు జాడీలో మొక్కలు, బూజు సంగతి

నెల క్రితం అడిగాను, మూత ఉన్న గాజు జాడీలో మొక్కలు పెడితే వారానికే తెల్లబూజు పట్టింది, ఆవిరికి లోపల ఏమీ కనపడట్లేదు అని. మట్టి మార్చమన్నవాళ్లందరికీ చాలా థ్యాంక్స్. తప్పు అక్కడే ఉంది.

మాది అమలాపురం. పెరట్లో నల్ల ఒండ్రుమట్టే తీసి నింపేశాను. వరికి బంగారం లాంటి మట్టే, కానీ నీళ్లు పట్టుకుని వదలదు. అడుగున చిల్లు లేని జాడీలో అది బురదైపోయి వేళ్లు కుళ్లాయి.

అంతా తీసేసి వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాను. అడుగున రెండు వేళ్ల మందాన గులకరాళ్లు, పైన దోమతెర ముక్క, కాస్త బొగ్గు. ఆపైన కొబ్బరి పొట్టు, గోదారి ఇసుక, కొంచెం కంపోస్టు. పొట్టులో ఉప్పు ఉంటుంది, మూడుసార్లు కడిగి పిండాకే వాడండి. కడియం నర్సరీలో ఫిట్టోనియా (ఆకుల మీద రంగు ఈనెలుండే చిన్న మొక్క), చిన్న ఫెర్న్ కొన్నాను. నాచు మా నూతి గట్టుదే. మొదటిసారి పెట్టిన కలబంద పిల్ల మూత జాడీకి పనికిరాదు, కుళ్లిపోయింది.

నీళ్లు చెంచాతోనే పోశాను. ఎండ నేరుగా తగలని కిటికీ దగ్గర పెట్టాను. పొద్దున కొద్దిగా ఆవిరి పడుతుంది, మధ్యాహ్నానికి పోతుంది. పోకపోతే రెండు గంటలు మూత తీస్తున్నా.

1829లో లండన్‌లో వార్డ్ అనే డాక్టర్ మూసిన సీసాలో ఫెర్న్ దానంతటదే మొలవడం చూశాడట. నిన్న మా ఫెర్న్ చుట్టుకుని ఉన్న కొత్త ఆకు విప్పింది. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.