వాతావరణ మార్పుల వార్తలకే అని ముడిపెట్టిన గ్రాంటు తీసుకోవచ్చా?

తొలిపేజీ:
2022లో అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్‌కి అయిదు దాతృత్వ సంస్థలు కలిసి మూడేళ్లకు 80 లక్షల డాలర్లకు పైగా ప్రకటించాయి, వాతావరణ మార్పుల వార్తల కోసమే అని. అంత పెద్ద సంస్థకే ఇలా వస్తుంటే, చిన్న లాభాపేక్ష లేని వార్తాసంస్థలకు ఇదే ఊపిరి. నా మటుకు ఇది తప్పు. ఫలానా వార్త రాయమని దాతలు చెప్పకపోవచ్చు. కానీ ఏ డెస్క్ పెరగాలో, ఏది ఎండిపోవాలో వాళ్లే తేల్చేస్తున్నారు. ఇవ్వదలిస్తే షరతు లేకుండా ఇవ్వాలి.

ఎర్రసిరా:
షరతు లేని డబ్బు కోసం ఎదురుచూస్తే కొన్ని వార్తలు అసలు రావు. 2010 జులైలో అమెరికాలో మిషిగన్‌లోని మార్షల్ దగ్గర ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ చమురు పైపు పగిలి చమురు కలమజూ నదిలోకి చేరింది. కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగుతున్నా 17 గంటల దాకా లీకని పోల్చుకోలేదు. పైపులో ఖాళీ ఏర్పడిందనుకుని రెండుసార్లు మళ్లీ పంపింగ్ మొదలుపెట్టారు. పోయింది మామూలు ముడి చమురు కాదు, డిల్‌బిట్. తారులాంటి చిక్కటి బిటుమెన్‌ని పైపులో పారేలా పలచన చేసి పంపుతారు. నదిలో పడ్డాక ఆ పలచన చేసే పదార్థం ఆవిరైపోయింది, బిటుమెన్ అడుక్కి దిగింది. పైన తేలే చమురును ఆపే అడ్డుతెరలు దాన్నేం చేయగలవు? ఈ తేడాను పట్టుకుని వివరంగా రాసింది ఇన్‌సైడ్ క్లైమేట్ న్యూస్ అనే చిన్న సంస్థ. దానికి 2013లో జర్నలిజంలో పేరున్న పులిట్జర్ అవార్డు వచ్చింది. ఆ సంస్థ పుట్టిందే వాతావరణ మార్పుల వార్తల కోసం, దానికి వచ్చే ప్రతి డాలరూ ఒక రకంగా ముడిపెట్టినదే.

నీటిచుక్క:
ముడి ఉందా లేదా అన్నదానికంటే దేనికి ముడిపెట్టారన్నది చూడండి. గ్రాంటు బడ్జెట్లలో ప్రయాణం ఉంటుంది, జీతం ఉంటుంది. ల్యాబ్, లాయరు ఉండరు. నది నీళ్లు పరీక్ష చేయించాలనుకోండి. లోహాల కోసం తీసిన నమూనాలో నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే తక్కువకు తెస్తే ఆరు నెలలు నిలుస్తుంది. పాదరసానికైతే 28 రోజులే. నైట్రేట్‌కు యాసిడ్ వద్దు, ఐసులో పెట్టి 48 గంటల్లో ల్యాబ్‌లో పరీక్ష అయిపోవాలి. వీటితో పాటు అదే చోట తీసిన జంట నమూనా ఒకటి, పోల్చి చూడడానికి శుద్ధజలం మాత్రమే నింపిన సీసా ఒకటి వెళ్లాలి. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ గంటకు వెళ్లిందో సంతకాలతో కాగితం ఉండాలి. కంపెనీ లాయరు మొదట అడిగేది ఆ కాగితమే. బడ్జెట్‌లో ఈ ఖర్చు లేకపోతే విలేఖరి ఊళ్లో చెప్పినమాటలు రాసుకుని వస్తారు. అది అబద్ధమని కాదు, కేసు పడితే నిలబడదు.

లెక్కలపుస్తకం:
ఒప్పందంలో నేను చూసేవి చెబుతాను. ప్రచురణకు ముందు దాతకు కాపీ చూపించే పని ఉండకూడదు. "ఇన్ని కథనాలు", "ఇంత ప్రభావం" అని లెక్క కట్టకూడదు, "ఇద్దరు విలేఖరులు, 24 నెలలు" అని ఉంటే చాలు. దాతతో సమావేశాలకు విలేఖరి వెళ్లకూడదు. దాత పేరు, మొత్తం సైట్‌లో ఉండాలి, సంబంధమున్న ప్రతి కథనం కింద కూడా. లాభాపేక్ష లేని వార్తాసంస్థల సంఘం ఐఎన్ఎన్ 5,000 డాలర్లు, ఆపైన ఇచ్చినవారి పేర్లు వెల్లడించాలంటుంది.

పాఠకులకు ఒక మాట: అమెరికా సంస్థ అయితే అది ఏటా పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990 తెరిస్తే దాతల పేర్లు దొరక్కపోవచ్చు, ఆ జాబితా బయటపెట్టనక్కర్లేదు. అవతలి వైపు నుంచి వెతకండి. ప్రైవేటు ఫౌండేషన్ దాఖలు చేసే 990-పీఎఫ్‌లో ఎవరికి ఎంత, దేనికి ఇచ్చారో వరుసగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే సంస్థ చెప్పుకోనిది తెలిసిపోతుంది.

తొలిపేజీ:
ఇది బాగుంది, పాటిస్తే. కానీ 2015లో ఇన్‌సైడ్ క్లైమేట్ న్యూస్ చమురు కంపెనీ ఎక్సాన్ మీద వరుస కథనాలు వేసినప్పుడు ఏమైంది? ఆ వార్తాసంస్థకు రాక్‌ఫెల్లర్ కుటుంబ ఫౌండేషన్లు ఇచ్చిన నిధుల సంగతే కంపెనీ ఎత్తింది. 1977లోనే జేమ్స్ బ్లాక్ అనే ఆ కంపెనీ శాస్త్రవేత్త కార్బన్ డయాక్సైడ్ ప్రమాదం గురించి యాజమాన్యానికి చెప్పారన్న అసలు సంగతి పక్కకు పోయింది.

ఎర్రసిరా:
పూర్తిగా పోలేదు. కంపెనీ పాత పత్రాలనే సైట్‌లో పెట్టారు. డబ్బు ఎవరిదైనా పత్రం పత్రమే, చదువుకోవచ్చు.

తొలిపేజీ:
పత్రాలున్న వార్తకు ఆ కవచం ఉంది, ఒప్పుకుంటా. రాయని వార్తకో? అడవులు ఇంత కార్బన్‌ను ఆపాయని లెక్కగట్టి అమ్మే కార్బన్ క్రెడిట్లకు డబ్బు పెట్టే ఫౌండేషనే విలేఖరి జీతమూ ఇస్తుంటే, ఆ క్రెడిట్ల లెక్కలో తప్పుందేమో చూద్దామని ఎడిటోరియల్ మీటింగ్‌లో ఎవరు లేవనెత్తుతారు? ఎవరూ ఆపరు, ఎవరూ అడగరు కూడా. ఈ మౌనం ఏ ఫారంలోనూ కనిపించదు.

లెక్కలపుస్తకం:
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చేయగలిగింది ఒకటుంది: దాత పెట్టుబడులు, దాత మెచ్చే పరిష్కారాల మీద వచ్చిన కథనాల ఆలోచనలను, తిరస్కరించిన కారణంతో సహా ఎడిటర్ రాసి ఉంచాలి. ఏడాదికోసారి నిధులతో సంబంధం లేని బోర్డు సభ్యులొకరు ఆ పుస్తకం తిరగేయాలి. వరుసగా నాలుగైదు "తర్వాత చూద్దాం"లు ఒకే దాత దగ్గర కనిపిస్తే, గ్రాంటు పొడిగింపు సంతకానికి ముందే ఆ మాట బోర్డులో తేలాలి.